కలెక్టర్స్ విస్కీ సిరీస్‌కి బాక్సు డిజైన్: "ఇంకా ప్రీమియంగా" అంటే ఏం చేయాలి?

కోటగుమ్మం
విజయనగరంలో ఇంటి నుంచే ప్యాకేజింగ్ డిజైన్ చేస్తుంటాను. ఇన్నాళ్లూ ఎక్కువగా స్వీట్ బాక్సులు, జీడిపప్పు ప్యాకెట్లు, అగరొత్తుల కవర్లు. ఇప్పుడు పెద్ద పని వచ్చింది. వేరే రాష్ట్రంలో సింగిల్ మాల్ట్ (ఒకే డిస్టిలరీలో, మొలకెత్తించిన బార్లీతో చేసే విస్కీ) తయారుచేసే ఒక చిన్న కంపెనీ ఏడాదికొకటి చొప్పున ఐదు విస్కీలు తెస్తోంది. ఒక్కోటి వెయ్యి బాటిళ్లే. ఐదూ కలిస్తే ఒక సెట్టు. యజమాని తాతగారిది మన జిల్లానే, అందుకని బాక్సు మీద ఉత్తరాంధ్ర కనబడాలని ఆయన కోరిక.

ఏ డిజైన్ పంపినా ఒకటే జవాబు: "బావుంది, కానీ ఇంకా ప్రీమియంగా ఉండాలి." ఇంకా అంటే ఏంటండీ అంటే నల్ల బాక్సు, బంగారు ఫాయిల్ (వేడితో అద్దే మెరుపు రేకు), అయస్కాంతం మూత ఉన్న ఫొటోలు పంపుతారు. వాటికీ పెళ్లిళ్లలో పంచే డ్రైఫ్రూట్ బాక్సులకీ నాకు తేడా కనబడట్లేదు. నేను పొందూరు ఖద్దరు చుట్టిన బాక్సు, పైన బుడితి (శ్రీకాకుళం జిల్లాలో ఇత్తడి పనివాళ్ల ఊరు) ఇత్తడి బిళ్ల అనుకున్నాను. వాళ్లేమో అరసవల్లి గుడి, బొబ్బిలి వీణ బొమ్మలు వేయమంటున్నారు. ఈ పని తెలిసినవాళ్లు, బాటిళ్లు దాచుకునే అలవాటున్నవాళ్లు ఉంటే చెప్పండి. కొన్నవాడికి "దీన్ని దాచుకోవాలి" అని ఎక్కడ అనిపిస్తుంది?

జీడితోట
ముందు శాంపిల్ బాటిళ్లు పలాస పంపండి. పప్పు మాది.

ప్రెస్సు_బాబాయ్
అమ్మా, బంగారు ఫాయిల్ తప్పు కాదు. ఫాయిల్ ఎక్కువైతే తప్పు. పెట్టె చేతిలోకి తీసుకోగానే మనిషికి తెలిసిపోయేవి వేరే ఉన్నాయి. గ్రేబోర్డు (పెట్టె చేసే గట్టి అట్ట) 2 మి.మీ. అయినా ఉందా, మూలలు కత్తితో గీసినట్టు నిలబడ్డాయా, మూత తీస్తుంటే లోపలి గాలి మెల్లగా వదులుతూ జారుతోందా, పైకాగితం మూలల దగ్గర ఉబ్బిందా. ఇవి సరిగ్గా ఉంటే తెల్ల కాగితం చుట్టినా ఖరీదుగానే ఉంటుంది. ఇవి లేకుండా ఎంత ఫాయిల్ కొట్టినా డ్రైఫ్రూట్ బాక్సే.

మన వైపు ఇంకో గొడవ ఉంది. సముద్రపు గాలి. బోర్డు గ్రెయిన్ (లోపలి పీచు నడిచే దిశ) ఒకవైపు, పైకాగితం గ్రెయిన్ ఇంకోవైపు ఉంటే వానాకాలంలో మూత విల్లులా వంగిపోతుంది. రెండింటి గ్రెయిన్ బాక్సు ఎత్తు వైపే నడవాలి. ఆర్డర్ ఇచ్చేటప్పుడు కాగితం మీద రాసి ఇవ్వు. నోటిమాట మీద వదిలేస్తే షీటు ఆదా చూసుకుని అడ్డంగా కోసేస్తారు.

కోటగుమ్మం
బాబాయ్ గారూ, గ్రెయిన్ సంగతి రాసుకున్నాను. ఫాయిల్‌లో తెలుగు అక్షరాలు వేయాలని ఉంది. సన్నగా వస్తాయా?

ప్రెస్సు_బాబాయ్
అక్కడే చిక్కు. ఇంగ్లీషు అక్షరానికి బొడ్డులో చోటుంటుంది. మన "ఘ", "క్ష", "ష్ఠ" లాంటి వాటిలో గీతల మధ్య సందు వెంట్రుకంత. వేడి బ్లాకుతో (అక్షరం చెక్కిన లోహపు అచ్చు) ఫాయిల్ కొడితే ఆ సందు పూడుకుపోయి అక్షరం ముద్దయిపోతుంది. పెళ్లికార్డుల మీద రోజూ చూస్తాను. మెగ్నీషియం బ్లాకు కాకుండా ఇత్తడి బ్లాకు చేయించు, గీత నిలుస్తుంది, వెయ్యి కొట్టినా అరగదు. వత్తులున్న అక్షరాలు కాస్త పెద్దవి చెయ్యి, మధ్య సందులు నువ్వే చేత్తో వెడల్పు చేసి గీయి. ఫాంట్ ఎలా ఉంటే అలా పంపితే పని చెడుతుంది.

సోంపేట_సీమాన్
నేను మర్చంట్ నేవీ. పోర్టుల్లో డ్యూటీ ఫ్రీ షాపులు చూసీ చూసీ బాటిళ్లు దాచే పిచ్చి పట్టింది. కొనేవాడి వైపు నుంచి చెప్తాను.

నా అల్మరాలో అన్నిటికన్నా బరువైన, ఖరీదైన బాక్సు నేను ఎప్పుడూ తెరవను. నాకు ముద్దొచ్చేవి వేరే. అమెరికాలో బ్లాంటన్స్ అని ఒక బోర్బన్ (ఎక్కువగా మొక్కజొన్నతో చేసే అమెరికా విస్కీ) ఉంది. దాని బిరడా మీద గుర్రం, రౌతు. 1999 నుంచి ఎనిమిది రకాల బిరడాలు వస్తున్నాయి. ఒక్కో దాని మీద గుర్రం పరుగులో ఒక్కో అడుగు, పక్కన బ్రాండు పేరులోని ఒక్కో అక్షరం. ఎనిమిదీ వరుసగా పెడితే గుర్రం పరుగు మొదలెట్టి గెలుపు దాకా వస్తుంది, పేరు కూడా పూర్తవుతుంది. బాక్సు కాదు, పట్టుమని రెండు అంగుళాలు లేని బిరడా. దాని కోసం జనం షాపుల చుట్టూ తిరుగుతారు.

జపాన్‌లో హన్యూ డిస్టిలరీ 2000లో మూతపడింది. మిగిలిపోయిన పీపాలను ఇచిరో అకుటో అనే ఆయన కాపాడి, 2005 నుంచి 2014 దాకా 54 బాటిళ్లు తెచ్చారు. ఒక్కోదాని మీద ఒక్కో పేకముక్క. జోకర్లతో సహా. 2019లో హాంకాంగ్ వేలంలో పూర్తి సెట్టు 70 లక్షల హాంకాంగ్ డాలర్లు దాటింది. అక్కడ ఇత్తడి లేదు, పట్టు లేదు. కళావరు రాణి ఉన్నవాడికి ఇస్పేటు రాజు కావాలనిపిస్తుంది. అదే మొత్తం కిటుకు.

మీ ఐదు బాక్సుల్లో మొదటిది కొన్నవాడికి రెండోది లేకపోతే వెలితిగా ఉండాలి. అది వచ్చాక ఫాయిలా ఖద్దరా అన్నది చూసుకోవచ్చు.

నాగావళి_ఒడ్డు
సీమాన్ గారూ, అంత సులువు కాదు. 1926 నాటి మెకాలన్ (స్కాట్లండ్ విస్కీ) బాటిల్ 2023 నవంబరులో లండన్ వేలంలో 21 లక్షల పౌండ్లు దాటి పోయింది. దాని లేబుల్ వేసింది వలేరియో అడామి అనే ఇటలీ చిత్రకారుడు. ఆ లేబుల్‌తో ఉన్నవి 12 బాటిళ్లే. అక్కడ సెట్టు లేదు, సీక్వెన్స్ లేదు. అరుదు, పాతదనం, చిత్రకారుడి చెయ్యి. మంచి ఆర్టిస్టు చేత వేయిస్తే చాలదా?

సోంపేట_సీమాన్
ఆ విస్కీ 60 ఏళ్లు పీపాలో ఉంది అన్నా. ఒకే పీపా, మొత్తం 40 బాటిళ్లు. లేబుల్ లేకుండా అమ్మినా ఎగబడి కొంటారు. ఈ కంపెనీది నిన్నమొన్నటి మాల్ట్. మన ఎండలకి పీపాలోంచి ఏడాదికి పదో వంతు దాకా ఆవిరైపోతుంది, స్కాట్లండ్‌లో రెండు శాతమే. అరవై ఏళ్లు ఉంచితే ఖాళీ పీపా మిగులుతుంది. వయసు చూపించి అమ్మలేని చోట ఆలోచన చూపించే అమ్మాలి.

లేబుల్_మేస్టారు
బాట్లింగ్ ప్లాంటులో లేబుల్ రిజిస్ట్రేషన్ పని చాలాకాలం చూశాను. డిజైనర్లు అందరూ చివర్లో గుర్తు చేసుకునేవి ముందే చెప్తున్నాను, లేకపోతే ఫైనల్ ఆర్టువర్క్ వెనక్కి వస్తుంది.

హెచ్చరిక వాక్యం తప్పనిసరి. 2018 ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నిబంధనల్లో మద్యానికి విడిగా ఉంది, 2019 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. 200 మి.లీ. దాటిన బాటిల్‌కి అక్షరం ఎత్తు 3 మి.మీ.కి తగ్గకూడదు. ఆల్కహాల్ శాతం, పరిమాణం, తయారీదారు చిరునామా, ఎమ్మార్పీ, ఏ రాష్ట్రంలో అమ్మకానికో ఆ మాట, ఇవన్నీ ఉండాలి. వయసు రాస్తే కలిపిన వాటిలో అన్నిటికన్నా చిన్నదాని వయసే రాయాలి. ఆరోగ్యానికి మంచిదన్నట్టు ఒక్క ముక్క ఉండకూడదు.

లేబుల్ ప్రతి రాష్ట్రంలో ఎక్సైజ్ వాళ్ల దగ్గర విడిగా ఆమోదం పొందాలి. అందుకని మారే సమాచారం మొత్తం వెనక వైపు ఒకే పట్టీలో పెట్టు. ముందు వైపు ఏ రాష్ట్రానికైనా ఒకటే ఉండాలి. లేకపోతే రాష్ట్రానికో బాక్సు ప్రింట్ చేసుకోవాలి, వెయ్యి బాటిళ్లకి అది గిట్టదు.

సీసా మూత మీదుగా ఎక్సైజ్ హోలోగ్రామ్ స్టిక్కర్ పడుతుంది. మూత మీద శిల్పాలు, గుండ్రటి బుడిపెలు పెడితే అది సరిగ్గా అంటదు, అంటినా స్కాన్ కాదు. మూత నున్నగా, మెడ తిన్నగా ఉంచమ్మా.

కోటగుమ్మం
మేస్టారూ, మూత మీద ఇత్తడి బుడిపె పెట్టాలనే అనుకున్నాను! తీసేస్తున్నాను. ఇత్తడి బాక్సుకే.

పొందూరు_చిలప
ఖద్దరు గురించి నేను మాట్లాడాలి. మా ఇంట్లో ఇప్పటికీ రాట్నం తిరుగుతుంది. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, ఏకి, 100 కౌంటు (చాలా సన్నని) నూలు తీసి నేసిన బట్టని అట్టకి గమ్ పెట్టి అతికించడమా? ఒక పంచె బట్ట వెనక ఎంతమంది ఆడవాళ్ల కళ్లు, చేతులు ఉన్నాయో తెలిస్తే ఆ మాట అనరు. పైగా గాంధీగారి పేరుతో బతుకుతున్న బట్ట. ఆయన జీవితమంతా మద్యం వద్దన్నారు. ఆ బట్టలో విస్కీ చుడతారా? మా నేతగాళ్లకి ఆర్డర్ వస్తుందని మీరు మంచి మనసుతోనే అనుకుని ఉంటారు. కానీ ఇది వద్దు.

ప్రెస్సు_బాబాయ్
పనిపరంగా కూడా ఆ అమ్మాయి చెప్పిందే సరి. అంత సన్న బట్ట వెనక కాగితం అంటించకపోతే గమ్ పైకి ఊరి మచ్చలు పడతాయి. కాగితం అంటిస్తే బట్టలోంచి ఆ కాగితం రంగే కనబడుతుంది. నేత గరుకు మీద ఫాయిల్ సమంగా పడదు. ఖాదీ అనే పేరు వాడాలన్నా ఖాదీ మార్కు అనుమతి కావాలి.

జీడితోట
గోనె గుడ్డ ఉందిగా. మన జిల్లాల్లో గోగు పండుతుంది, జూట్ మిల్లులు ఉన్నాయి. నెల్లిమర్ల మిల్లు పేరు వినని ఇల్లు విజయనగరంలో ఉందా? సన్న రకం నార బట్ట చూడండి. మనదే, గట్టిది, ఎవరి మనసూ నొచ్చుకోదు.

ప్రెస్సు_బాబాయ్
జీడితోటా, నీ నోట మొదటిసారి పనికొచ్చే మాట. సన్న నేత జూట్ బట్టకి వెనక కాగితం అంటించి చుడితే చక్కగా నిలబడుతుంది. దాని మీద ఫాయిల్ కొట్టకు. బట్ట ఉన్న చోట బట్టే ఉండాలి, అక్షరాలు వేరే కాగితం పట్టీ మీద.

బొబ్బిలి_తంత్రి
వీణ బొమ్మ వేస్తారట. మా గొల్లపల్లిలో వీణ అంటే ఒకే పనస దుంగని తొలిచి చేసేది. కుండ, దండి వేరువేరుగా అతకరు. తయారయ్యాక మొదటి తీగ మీటే ముందు సరస్వతికి దణ్ణం పెట్టి మీటుతారు. పెద్దవాళ్లు ఊరొస్తే చిన్న వీణ బహుమతిగా ఇవ్వడం మా గౌరవం. దాన్ని మందు డబ్బా మీద చూడలేను. భౌగోళిక గుర్తింపు ఉన్న పేరు, ఊరికే వాడుకోవడానికి కూడా లేదు.

నాగావళి_ఒడ్డు
అరసవల్లి అయితే అసలే వద్దు. రథసప్తమికి రాష్ట్రం నలుమూలల నుంచి వచ్చే జనం ఒక్కసారి ఆ ఫొటో చూస్తే కంపెనీ ఆ రోజే మూతపడుతుంది. మీ క్లయింటుకి మర్యాదగానే, కానీ గట్టిగా చెప్పండి. దేవుడు, గుడి, శ్రీకూర్మం తాబేలు, పైడితల్లి సిరిమాను, ఇవేవీ ముట్టుకోకూడదు.

కోటగుమ్మం
గుడి వేయనని నేను మొదటిరోజే చెప్పేశాను. మరి నదుల పేర్లు? చంపావతి, నాగావళి, వంశధార, మహేంద్రతనయ, బాహుదా. దక్షిణం నుంచి ఉత్తరానికి ఐదు నదులు, ఐదు బాక్సులు. పక్కపక్కన పెడితే మొత్తం తీరం కనబడేలా.

ఉద్దానం_అమ్మాయి
మా అమ్మమ్మ ఇప్పటికీ ఏరు దాటితే పసుపు కుంకుమ వేసి దణ్ణం పెడుతుంది. ఆ పేరు సీసా మీదా?

ఇంకో మాట చెప్పాలి. ఇందాకటి నుంచి అందరూ అట్టలు, ఫాయిళ్లు అంటున్నారు. మా ఊళ్లో సాయంత్రం అయితే ఎన్ని ఇళ్లలో ఏడుపులు వినబడతాయో నాకు తెలుసు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా వద్దని లేచి నిలబడితే రాష్ట్రమంతా కదిలింది. ఆ సంగతులు మా అమ్మ చెప్తూ పెంచింది. మద్యాన్ని అందంగా చేయడం ఎందుకు అని నాకు మనస్ఫూర్తిగా అడగాలని ఉంది. కోటగుమ్మం గారి మీద కోపం లేదు, పని మీద ప్రశ్న.

లేబుల్_మేస్టారు
తల్లీ, ఈ బాటిల్ మీ ఊరి కొట్టుకి రాదు, దీని ధరకి కొనేవాళ్లు వేరు.

ఉద్దానం_అమ్మాయి
మేస్టారూ, ధర ఎక్కువైతే మద్యం కాకుండా పోతుందా? ఖరీదైన ఇళ్లలో ఏడుపు బయటికి వినబడదు, అంతే.

కోటగుమ్మం
ఆమె అడిగిన దాంట్లో న్యాయం ఉంది. నేను ఈ పని ఒప్పుకునే ముందు ఇంట్లో కూడా ఇదే చర్చ జరిగింది. పని చేస్తాను, కానీ ఒకటి నా చేతిలో ఉంది. చాలా ఖరీదైన బాక్సుల్లో హెచ్చరికని నలుపు మీద ముదురు బూడిద రంగులో దాచేస్తారు. కొలత ప్రకారం 3 మి.మీ. ఉంటుంది, కంటికి కనబడదు. నేను దాన్ని లేత కాగితం పట్టీ మీద నల్ల అక్షరాలతో, మిగతా సమాచారం కన్నా పెద్దదిగా వేస్తాను. అందంగా వేస్తాను, దాచను. నదుల పేర్లు కూడా తీసేస్తున్నాను.

ఉద్దానం_అమ్మాయి
అంతవరకు సంతోషం. వేసింది ఇక్కడ చూపించండి.

సోంపేట_సీమాన్
నదులు వద్దంటే లైట్‌హౌసులు తీసుకోండి. దేవుడితో గొడవ లేదు, కులంతో లేదు, ఏ ఊరివాడికైనా ఇష్టమే. దక్షిణం నుంచి పైకి: విశాఖ డాల్ఫిన్స్ నోస్, భీమిలి, శాంతపల్లి, కళింగపట్నం, బారువ. సరిగ్గా ఐదు.

ఇంకో రహస్యం చెప్తాను, ఇది మా నావికులకి బాగా తెలుసు. చీకట్లో సముద్రం మీద నుంచి చూస్తే అన్ని లైట్లూ ఒకేలా వెలగవు. ఒక్కో దానికి ఒక్కో లయ ఉంటుంది. ఇన్ని సెకన్లకి ఒక మెరుపు, లేదా వెంటవెంటనే రెండు మెరిసి చాలాసేపు చీకటి, అలా. మా చార్టు మీద ప్రతి లైట్ పక్కనా అది రాసి ఉంటుంది. వాచీ పట్టుకుని మెరుపులు లెక్కపెట్టి "ఇది ఫలానా ఊరి లైటు" అని చెప్తాం. ఇంటికొస్తున్నప్పుడు బారువ లైటు కనబడితే కలిగే సంతోషం రాయడానికి రాదు.

ఆ లయని బాక్సు మీద గీతలుగా వేయండి. మెరుపు ఉన్న చోట ఫాయిల్ గీత, చీకటి ఉన్న చోట ఖాళీ. ఐదు బాక్సులకి ఐదు లయలు. బొమ్మ వేయక్కర్లేదు. తెలిసినవాడు చూడగానే పట్టేస్తాడు, తెలియనివాడు అడుగుతాడు.

కోటగుమ్మం
సీమాన్ గారూ!! ఇది చదివి లేచి నిలబడ్డాను. నిజంగా. నల్ల బాక్సు కావాలన్నారుగా, రాత్రి సముద్రానికి నలుపు న్యాయమే. బంగారు ఫాయిల్ కావాలన్నారు, దీపానికి బంగారమే రంగు. వాళ్లు అడిగినవి రెండూ ఉంటాయి, ఇప్పుడు వాటికి కారణం కూడా ఉంది.

జీడితోట
బారువ బాక్సు చివరిదా? ఐదేళ్లు ఆగాలా? శ్రీకాకుళానికి ఎప్పుడూ ఇంతే.

నాగావళి_ఒడ్డు
ఊరుకో తమ్ముడూ, చివరిదే అన్నిటికన్నా ధర పలుకుతుంది.

సీరియస్‌గా ఒకటి. లయల వివరాలు ఇంటర్నెట్‌లో దొరికింది నమ్మి వేయకండి. లైట్లు మార్చినప్పుడు లయ కూడా మారుతుంది. అధికారిక లైట్ల జాబితా చూసి, ఏ ఏడాది జాబితానో బాక్సు లోపల చిన్నగా ముద్రించండి. సరిగ్గా ఇలాంటి చోటే కలెక్టర్లు తప్పులు పట్టుకుంటారు.

సోంపేట_సీమాన్
ఓడలో తాజా జాబితా ఉంటుంది. ఐదింటివీ రాసి పంపుతాను.

ప్రెస్సు_బాబాయ్
ఇక తీరం గీత. ఐదు బాక్సులు పక్కపక్కన పెడితే గీత కలవాలన్నావు. ఏడాదికొకటి చొప్పున ఐదేళ్ల పాటు చేసే పని ఇది. మొదటి ఏడాది బోర్డు, ఐదో ఏడాది బోర్డు మందంలో కాస్త తేడా వచ్చినా గీత ఒక మెట్టు దిగుతుంది. రంగు కూడా అంతే, ఇప్పటి నలుపు అప్పటి నలుపు ఒకటి కావు. రెండు పనులు చెయ్యి. ఐదు బాక్సులకీ పైకాగితం ఇప్పుడే ఒకే లాటులో కొనిపించి, పొడిగా దాచిపెట్టించు. బ్లాకులు, డైలు (అట్ట కోసే అచ్చులు) ఎవరి సొత్తో ఒప్పందంలో రాయించు. ప్రెస్సు మారితే డై ఇవ్వమని గొడవ పెట్టుకున్నవాళ్లని చాలామందిని చూశాను.

గీత అంచు దాకా తెచ్చి కలపడానికి ప్రయత్నించకు. రెండు అంచుల్లోనూ కొంచెం ఖాళీ వదిలితే కంటికి అదే కలుస్తుంది, మి.మీ. తేడా ఎవరికీ తెలియదు.

కోటగుమ్మం
బంగారం లాంటి మాట. బాక్సు నిలువుగా పెట్టాలా, పడుకోబెట్టే డ్రాయర్ మోడల్ బావుంటుందా? క్లయింటుకి డ్రాయర్ నచ్చింది.

సోంపేట_సీమాన్
పడుకోబెట్టొద్దు. వైన్ సంగతి వేరు. విస్కీలో ఆల్కహాల్ ఎక్కువ కాబట్టి బిరడాకి ఏళ్ల తరబడి తగులుతూ ఉంటే కార్కు చివికి ముక్కలు సీసాలో పడతాయి. నిలబెట్టి ఉంచేదే సరైన బాక్సు. కిటికీలా కోసి బాటిల్ కనబడేట్టు కూడా చేయకండి, ఎండ తగిలితే లోపలి రంగు, లేబుల్ రెండూ వెలిసిపోతాయి.

లేబుల్_మేస్టారు
రవాణా సంగతి ఎవరూ ఎత్తలేదు. 750 మి.లీ. సీసా మందపాటి గాజుదైతే నిండుగా కిలోన్నర దాకా తూగుతుంది. అది పడితే బాక్సు అందం ఎవరు చూస్తారు? ప్యాకింగ్ రవాణాని తట్టుకుంటుందో లేదో చూసే ఐఎస్‌టీఏ 1ఏ అని ఒక పరీక్ష ఉంది. ఇలాంటి తేలిక పార్సిల్‌ని 76 సెం.మీ. ఎత్తు నుంచి పదిసార్లు పడేస్తారు. ఒక మూల మీద, మూడు అంచుల మీద, ఆరు ముఖాల మీద. బయటి అట్టపెట్టెతో సహా ఇది దాటాకే ప్రింటింగుకి వెళ్లు. ఎక్కువగా విరిగేది మెడ దగ్గరే. అడుగున ఫోమ్ పెట్టి మెడని గాలికి వదిలేస్తారు, అందుకు. లోపలి గూడు మెడనీ భుజాల్నీ కూడా పట్టుకోవాలి.

నాగావళి_ఒడ్డు
ఫోమ్ బదులు అచ్చు పోసిన కాగితపు గుజ్జు చూడండి. బయట దేశాల్లో బాక్సుల చెత్త మీద ఇప్పుడు గట్టిగానే ప్రశ్నిస్తున్నారు. మెకాలన్ వాళ్లే 2021లో మొదలెట్టిన హార్మనీ సిరీస్‌లో కోకో పొట్టు కలిపిన కాగితంతో బాక్సు చేశారు. మన దగ్గర జీడిపిక్కల పొట్టు గుట్టలు గుట్టలు.

జీడితోట
జీడి పొట్టులో నూనె ఉంటుంది అన్నా, ఒంటికి తగిలితే పొక్కులే. పిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులు చూస్తే తెలుస్తుంది. కాగితంలో కలపొద్దు. కొబ్బరి పీచు అడగండి, ఉద్దానం నిండా అదే.

కోటగుమ్మం
జీడి పొట్టు వద్దు, అర్థమైంది. గుజ్జు అచ్చు ధర కనుక్కుంటాను. ఇత్తడి బిళ్ల గురించి చెప్పండి. బుడితి వెళ్లి మాట్లాడి వచ్చాను. చేస్తామన్నారు. అన్నీ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉండవని ముందే చెప్పారు.

బొబ్బిలి_తంత్రి
ఉండకపోవడమే చేతిపని. కానీ ఒక్క మాట. బిళ్ల వాడుకుని ఊరి పేరు ఎక్కడా లేకుండా చేయకండి. పోత పోసిన వాళ్ల ఊరు బాక్సు లోపల తెలుగులో ఉండాలి. అడ్వాన్సు సగం ముందే ఇప్పించండి. ఆర్డర్ చేయించుకుని, "శాంపిల్‌లా లేదు" అని సరుకు మీద వదిలేసిపోయిన వాళ్ల వల్ల మా వైపు కుటుంబాలు అప్పుల్లో పడ్డాయి. మీరు మధ్యలో ఉన్నారు కాబట్టి మీ మాట మీదే చేస్తారు వాళ్లు.

ప్రెస్సు_బాబాయ్
బిళ్ల కూర్చునే గుంట బిళ్ల కన్నా చుట్టూ మి.మీ. పెద్దది కోయించు. సముద్రపు గాలికి ఇత్తడి నల్లబడుతుంది, పైన లాకర్ (రంగులేని వార్నిష్) పూత వేయమని చెప్పు.

ఒక్కో బాక్సుకి వేసే వరుస నంబర్లకి కంప్యూటర్ ప్రింటు వద్దు. 1 నుంచి 1000 దాకా బిల్లు పుస్తకాలకి నంబర్లు వేసే పాత మిషను నా దగ్గర ఉంది. కాగితం వెనక వేలు పెట్టి తడిమితే అంకె తెలుస్తుంది. ఏ ఫాయిల్ ఇవ్వని సంతోషం అది.

నాగావళి_ఒడ్డు
నకిలీల సంగతి కూడా. ఖరీదైన బాటిల్ ఖాళీ అయ్యాక బాక్సుతో సహా పాతసామాన్ల వాళ్ల దగ్గర మంచి ధర పలుకుతుంది. ఎందుకో అందరికీ తెలుసు. అందులో ఏదో పోసి మళ్లీ అమ్ముతారు. బాక్సు తెరిచిందో లేదో ఎప్పటికీ కనబడేలా, ఒకసారి చింపితే మళ్లీ అతకని పట్టీ పెట్టండి. మీ నంబరు ఆ పట్టీ మీద సగం, బాక్సు మీద సగం పడాలి.

ప్రెస్సు_బాబాయ్
పడుతుంది. పట్టీ అంటించాక నంబరు కొట్టాలి, అంతే తేడా. మెల్లగా చేయాల్సిన పని, కానీ వెయ్యే కదా.

కోటగుమ్మం
ఈ రోజు క్లయింటుకి డమ్మీ (నమూనా బాక్సు) చూపించాను. ఫాయిల్ గీతలు నేను చేత్తో అంటించినవే. ఆయన ఏమీ అనకుండా మూత తీసి వేశారు, తీసి వేశారు. గీతలేంటి అని అడిగారు. లైట్‌హౌసుల లయ అని చెప్పాను. వాళ్ల తాతగారు కళింగపట్నంలో చదువుకున్నారట, "ఆ లైటు ఏ బాక్సు?" అని నాలుగోది వెతుక్కున్నారు. గుడి, వీణ మాట మళ్లీ ఎత్తలేదు.

ఒప్పుకున్నవి: నిలువు బాక్సు, నల్ల కాగితం, కింది సగం జూట్ బట్ట, ముందు వైపు ఆ బాక్సు లైటు లయ మాత్రమే, ప్రక్కన తీరం గీత, బుడితి బిళ్ల, ఊరి పేరు. హెచ్చరిక పట్టీ పెద్దగానే ఉంది, ఉద్దానం అమ్మాయి గారికి ఫొటో పంపాను. ఒప్పుకోనివి: కాగితం ఐదేళ్లకి ముందే కొనడం. అంత డబ్బు ఇప్పుడే పెట్టలేమంటున్నారు.

ఉద్దానం_అమ్మాయి
చూశాను. కళ్లద్దాలు లేకుండా మా నాన్న చదివారు. అది చాలు. నా ప్రశ్న అలాగే ఉంది, కానీ మీరు మాట నిలబెట్టుకున్నారు.

ప్రెస్సు_బాబాయ్
ఐదేళ్లకి వద్దంటే మొదటి రెండేళ్లకి కొనమను. రెండో బాక్సు మొదటిదాని పక్కన పెట్టి చూసుకున్నాక వాళ్లే మూడోదానికి పరిగెడతారు. ఈలోగా ఖాళీ సీసా ఒకటి నీళ్లతో నింపి, బిరడా పెట్టి నా దగ్గరకి పట్రా. డమ్మీలో పెట్టి 76 సెం.మీ. నుంచి పదిసార్లూ పడేసి చూద్దాం. మెడ దగ్గర గూడు వదులుగా ఉందని నాకు ఫొటోలోనే అనుమానంగా ఉంది.

కోటగుమ్మం
గురువారం వస్తాను బాబాయ్ గారూ. రెండు సీసాలు తెస్తాను.